చక్రములో గాలి – చక్రముపై స్ప్రింగు

పెట్రోలు బంకులో గాలిగొట్టము చేత పట్టుకొని నిలుచున్న కుర్రవాడు, మోటారు సైకిలు వచ్చి ఆగగానే ఒకే ప్రశ్న వేయును: "ఎంత కొట్టమంటారు?" దానికి మనలో చాలమంది చెప్పు జవాబును ఒకటే: "మామూలుగా కొట్టు." ఆ మామూలు ఎవరి మామూలో, ఏ బండికి, ఎంత బరువునకు, ఎట్టి రోడ్డునకు ఏర్పడినదో అడుగువారు లేరు. మేమును చాల ఏండ్లు ఆ కోవలోని వారమే. ఒక మండువేసవి మధ్యాహ్నము ఆ అలవాటును మాచేత మాన్పించినది.

మా బండి బుల్లెట్టు. మే నెలలో ఒకనాడు గుడివాడలో బంధువుల ఇంట పెండ్లికై మా శ్రీమతిని వెనుక కూర్చుండబెట్టుకొని విజయవాడ నుండి బయలుదేరితిమి. ఉయ్యూరు చేరునప్పటికే ప్రతి గతుకునకు వెన్ను జల్లుమనుచుండెను. దారిప్రక్క పంక్చర్లు వేయు దుకాణమువద్ద ఆగి, "వెనుక చక్రములో గాలి కొంచెము తీయవయ్యా" అంటిమి. "ఇద్దరున్నారు గదండీ" అని అతడు సందేహించెను. మేమే పట్టుబట్టి తీయించితిమి. తరువాత బండి నిజముగనే మెత్తబడినది. మా తెలివికి మేమే సంతోషించుకొనుచు పామర్రు దాటి, గుడివాడ దారి పట్టితిమి. కాలువగట్టు మీది ఒక వంపులో గడ్డిమోపుల ట్రాక్టరు ఎదురుగా వచ్చెను. దారి ఇచ్చుటకై బండిని ఒక ప్రక్కకు వంచితిమి. అంతే, వెనుక చక్రము చేపతోకవలె అటునిటు ఆడసాగెను. హ్యాండిలు మా మాట వినలేదు. బండి ఆగునప్పటికి ముందు చక్రమునకును గట్టు అంచునకును నడుమ జానెడు నేల మాత్రము మిగిలి యుండెను. వేసవి గనుక కాలువలో నీరు లేదు. అడుగున రాళ్లు స్పష్టముగా కనబడుచుండెను. మా శ్రీమతి దిగి, చెంగుతో మొగము తుడుచుకొని, "ఏమండీ, గాలి తీయించినది నడుము నొప్పి పోవుటకా, నడుమే పోవుటకా?" అని అడిగినది.

ఆ ప్రశ్నకు సరియైన సమాధానము చెప్పుటకు మాకు చాలకాలము పట్టినది. దానిని వెదకుచు పోగా, ఈ గాలియు, ఈ స్ప్రింగును చక్రమునకు ఎట్లు వచ్చి చేరినవో ఆ కథ అంతయు చదువవలసి వచ్చినది. శ్రోతలకు దానిలో కొంత చెప్పుదుము.

చక్రములో గాలి నింపవచ్చునను ఊహ మోటారు సైకిలు కంటె నలువది ఏండ్లు పెద్దది. స్కాట్లండు దేశీయుడైన రాబర్ట్ విలియం థామ్సన్ అను ఇరువది మూడేండ్ల యువకుడు 1845లో దానికి పేటెంటు కోరెను. రబ్బరు పట్టించిన కాన్వాసు గొట్టములో గాలి నింపి, దానిపై తోలు తొడుగు వేసి, గుఱ్ఱపుబండి చక్రములకు తగిలించెను. లండను నగరములోని రీజెంట్సు పార్కులో ఆ బండి చప్పుడు లేకుండ పోవుచుండగా జనులు ఆశ్చర్యపడి చూచిరట. గుఱ్ఱము లాగవలసిన బలము కూడ తగ్గుచున్నదని అతడు కొలతలతో నిరూపించెను. ఐనను సన్నని మేలురకపు రబ్బరు నాడు చవుకగా దొరకునది కాదు. గాలిచక్రము మూలబడినది.

తరువాత నలువది రెండేండ్లకు ఐర్లండులోని బెల్‌ఫాస్టు నగరములో ఒక పశువైద్యుడు, థామ్సన్ సంగతి ఏమియు ఎరుగకయే, మరల ఆ ఊహనే పట్టుకొనెను. ఆయన పేరు జాన్ బాయిడ్ డన్‌లప్. ఆయన కుమారునికి ఒక మూడు చక్రముల సైకిలు ఉండెను. దాని చక్రములకు గట్టి రబ్బరు పట్టీలు. రాళ్లు పరచిన ఆ ఊరి వీధులలో తొక్కునప్పుడు పిల్లవాని ఒడలు హూనమగుచుండెను. తండ్రి 1887లో ఒక కొయ్య బిళ్ల చుట్టును రబ్బరు గొట్టము అమర్చి, నారగుడ్డతో బిగించి, ఫుట్‌బాల్ పంపుతో గాలి నింపెను. సైకిలు చక్రమును ఊడదీసి, దానిని, ఈ గాలి బిళ్లను తన పెరటిలో ఒకే రీతిగా దొర్లించి చూచెను. సైకిలు చక్రము పెరడు దాటకయే పడిపోయినది. గాలి బిళ్ల పెరడు చివర వరకు పోయి తలుపునకు కొట్టుకొని వెనుకకు ఎగిరినది. పిల్లవాని ఒంటినొప్పులు తగ్గింపవలెనని ప్రారంభించిన పనిలో ఆయనకు వేగము దొరకినది. 1889 మే నెలలో, ఆ ఊరి క్వీన్స్ కాలేజీ పందెములలో విల్లీ హ్యూమ్ అను సైకిలిస్టు ఈ లావుపాటి చక్రములతో దిగి, నవ్విన వారి నోళ్లు మూయించెను. థామ్సన్ పాత పేటెంటు బయటపడుటచే డన్‌లప్ హక్కు 1890లో చెల్లకపోయినది. పేరు మాత్రము ఆయనకే నిలిచినది.

ఈ పెరటి పరీక్షలో ఒక రహస్యము ఉన్నది. గట్టి చక్రము చిన్న రాయి తగిలినప్పుడు తానును, తన మీది బరువును ఆ రాతిపైకి ఎక్కి దిగవలయును. ప్రతి ఎక్కుడునకు కొంత వేగము ఖర్చగును. గాలి చక్రము అట్లు కాక, రాయిని తనలోనికి మ్రింగి, దాటిన వెంటనే తన రూపము తాను దాల్చును. కనుక గాలియు ఒక స్ప్రింగే. అది చాల తేలికయైన స్ప్రింగు. చక్రమునకు మొట్టమొదట తగులు స్ప్రింగు. కాని అది మ్రింగగలిగినది చిన్న రాళ్లను, గరుకుదనమును మాత్రమే. జానెడు లోతు గోతిని మ్రింగుట దాని శక్తికి మించిన పని. మోటారు సైకిళ్లు చేసినవారికి ఈ సంగతి తెలిసి వచ్చుటకు మరి యాబది ఏండ్లు పట్టినది.

గోట్‌లీబ్ డైమ్లర్ 1885లో జర్మనీలో నడిపించిన మొదటి పెట్రోలు ద్విచక్ర వాహనమునకు కొయ్య చక్రములు, వాటికి ఇనుప పట్టాలు. 1894లో మ్యూనిక్ నగరములో హిల్డెబ్రాండ్, వుల్ఫ్‌ముల్లర్ అనువారు అమ్మకమునకు తయారుచేసిన బండ్లకు గాలి టైర్లు వచ్చినవి. ఐతే ఆనాటి టైర్లు సన్ననివి. వాటి అంచులను రిమ్ముతో పట్టి యుంచునది లోపలి గాలి ఒత్తిడియే. గాలి తగ్గించినచో టైరు రిమ్మును విడిచి పోవును. కావున రౌతు వెన్ను విరిగినను సరే, గాలి బిగువుగనే కొట్టవలసి యుండెను. అంచులలో ఉక్కు తీగె గల టైర్లు, వెడల్పైన తక్కువ ఒత్తిడి టైర్లు 1920 తరువాతనే వ్యాప్తికి వచ్చినవి. అప్పుడు గదా "ఎంత కొట్టవలెను" అను ప్రశ్నకు అర్థము కలిగినది.

ఇచట కొంచెము లెక్క చెప్పక తప్పదు. వెనుక చక్రముపై 240 పౌండ్ల బరువు పడుచున్నదనుకొందము. టైరులో చదరపు అంగుళమునకు 28 పౌండ్ల ఒత్తిడి ఉన్నది. ఆ బరువు మోయుటకు టైరు నేలను తాకవలసిన మేర 240ని 28తో భాగించిన ఫలము, అనగా సుమారు ఎనిమిదిన్నర చదరపు అంగుళములు. టైరు గోడలకు తమ బిగువు కొంత ఉండుటచే లెక్క కచ్చితముగా ఇట్లే ఉండదు గాని, దాదాపు ఇంతే. వ్రేళ్లు విడిచి అరచేయి అంత చోటు. ముందొక అరచేయి, వెనుకొక అరచేయి: మన ప్రాణము, మన వెనుక కూర్చున్నవారి ప్రాణము ఆ రెండింటి మీదనే ఆధారపడి యున్నవి. గాలి మితిమీరి కొట్టినచో ఆ అరచేయి కుంచించుకొనును. బండి గతుకుపై ఎగిరి, బ్రేకు వేసినప్పుడు జారును. గాలి తగ్గినచో అరచేయి పెద్దదగును గదా, మంచిదే గదా అని తోచును. కాని టైరు గోడ మెత్తబడి, వంపులో పైనున్న బండి ఒక వైపునకు, క్రిందనున్న రబ్బరు మరియొక వైపునకు పోవును. గోడ మాటిమాటికి మడతపడుటచే వేడెక్కును. కాలువగట్టుపై మాకు జరిగినది ఇదియే.

ఇక స్ప్రింగు సంగతి. ఈ శతాబ్దికి ముందటి శతాబ్ది తొలి దినములలోనే ముందు చక్రమునకు స్ప్రింగులు వచ్చినవి. ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ స్కాట్ 1908లో గొట్టములో గొట్టము జారు ఫోర్కును వాడెను. అమెరికాలో ఇండియన్ కంపెనీ 1913లో వెనుక చక్రమునకు గుఱ్ఱపుబండి పట్టీల వంటి స్ప్రింగులు పెట్టెను. ఐనను చాలమంది రౌతులు వెనుక స్ప్రింగును నమ్మలేదు. వారి అనుమానము నిరాధారము కాదు. స్ప్రింగు ఒక్కటియే ఉన్నచో అది ఉయ్యాలవంటిది. ఒకసారి ఊపిన ఉయ్యాల తనంతట తాను వెంటనే ఆగదు. తల్లి చేయి అడ్డుపెట్టవలయును. గతుకుపై ఒకసారి అదిరిన చక్రము పదిసార్లు అదురుచుండినచో, అన్నిసార్లును అది నేలను విడుచుచున్నదనియే అర్థము. నేలను విడిచిన చక్రము వంపు తిరుగదు, బ్రేకు వినదు. మొదట ఆ అడ్డుచేయిగా రాపిడి బిళ్లలు వచ్చినవి. రౌతు మరబిళ్లను చేతితో బిగించుకొనును. అవి చిన్న గతుకునకు కదలవు, పెద్ద గతుకునకు ఆపలేవు. జర్మనీలో బి.ఎం.డబ్ల్యు. వారు 1935లో ఆర్-12 అను బండికి నూనెతో అణచు టెలిస్కోపిక్ ఫోర్కును అమర్చిరి. చిన్న రంధ్రముల గుండ నూనె పోవలసి యుండుటచే, మెల్లగా కదలిన మెల్లగా, వేగముగా కదలిన గట్టిగా అది అడ్డుపడును. తల్లి చేయి ఇట్లే గదా ఉయ్యాలను ఆపునది!

వెనుక చక్రపు చిక్కు విడినదియు మరల బెల్‌ఫాస్టులోనే. యుద్ధకాలమున అచట రెక్స్ మెక్‌కాండ్లెస్ అను మెకానిక్కు, అతని సోదరుడు క్రోమీ ఉండిరి. రెక్స్ పందెములలో బండి నడుపువాడు. వెనుక చక్రము గతుకుల మీద గెంతుట అతనికి సరిపడలేదు. 1944 ప్రాంతమున తన బండిని తానే కోసి, వెనుక చక్రమును ఒక ఊగు చేతికి తగిలించి, దానికి రెండు వైపులను నిలువుగా నూనె డాంపర్లు పెట్టెను. ఆ డాంపర్లు సిట్రోయెన్ కారువట. ఆ కాలమున నార్టన్ కంపెనీ పందెపు బండ్లకు వెనుక చక్రము నిలువు గొట్టములలో కొంచెము క్రిందు మీదులాడు ఏర్పాటు ఉండెడిది. దానికి ఆంగ్లేయులు పెట్టిన ఎగతాళి పేరు "తోటగేటు". నార్టన్ వారు మెక్‌కాండ్లెస్ చట్రమును స్వీకరించిరి. హెరాల్డ్ డేనియల్ అను వారి రౌతు దానిపై సవారి చేసి, ఈకల పరుపుపై పోవుచున్నట్లున్నదని మెచ్చుకొనగా, దానికి "ఫెదర్‌బెడ్", అనగా ఈకల పరుపు, అను పేరు స్థిరపడినది.

1950 జూన్ నెలలో ఐల్ ఆఫ్ మాన్ ద్వీపమున జరిగిన టి.టి. పందెములకు ఈ బండ్లు వెళ్లినవి. ఆ పందెము ప్రత్యేకించి కట్టిన దారిపై జరుగునది కాదు. ఊళ్ల నడుమ నుండి, గోడల ప్రక్క నుండి, కొండపైకి ఎక్కి దిగు 37 మైళ్లకు మించిన మామూలు రోడ్డు. సీనియర్ పందెమున జెఫ్ డ్యూక్, ఆర్టీ బెల్, జానీ లాకెట్. జూనియర్ పందెమున బెల్, డ్యూక్, డేనియల్. రెండింటిలోను మొదటి మూడు స్థానములును నార్టన్‌వే. ఆర్టీ బెల్ కూడ బెల్‌ఫాస్టు వాడే.

మాకు ఈ ఘట్టములో ఎంతో నచ్చినది ఆ పేరులోని తమాషా. ఈకల పరుపు అనగానే సుఖము గుర్తుకు వచ్చును. కాని ఫెదర్‌బెడ్ చట్రమును రౌతులు తలచుకొనునది దాని మెత్తదనమునకు కాదు, అది రోడ్డును విడువకుండుటకు. మెక్‌కాండ్లెస్ కోరినది చక్రము నేలపై నిలుచుట. చక్రము నేలపై నిలిచినందున రౌతు ఒడలు సుఖపడినది. డన్‌లప్ కథయో తలక్రిందు: సుఖము కోరగా వేగము వచ్చినది. ఒకే ఊరిలో అరువది ఏండ్ల ఎడముతో జరిగిన ఈ రెండు పనులను ప్రక్కప్రక్కన పెట్టి చూచినప్పుడు మా తప్పు మాకు తెలిసినది. గోతుల పని స్ప్రింగునకు అప్పగింపబడి 1950 నాటికే చాల దినములైనది. మేమో, స్ప్రింగు చేయవలసిన పనిని గాలిచేత చేయింపబోయితిమి.

ఈ ఊగు చేయి మన దేశమునకు త్వరలోనే వచ్చినది. రాయల్ ఎన్‌ఫీల్డ్ వారు తమ కొత్త బుల్లెట్టును వెనుక ఊగు చేతితో 1948లో ఇటలీలోని సాన్ రెమోలో జరిగిన ఆరు దినముల పరీక్షకు పంపిరి. గెలిచిన బ్రిటిషు జట్టులో ఆ బండ్లు ఉండెను. 1950ల తొలి సంవత్సరములలో మన సైన్యము సరిహద్దు కావలికై ఆ బండినే కోరినది. 1955లో మద్రాసు మోటార్సు వారు, ఇంగ్లండు కంపెనీ వారు కలసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించిరి. మద్రాసు శివారులోని తిరువొత్తియూరున కర్మాగారము వెలసినది. రెడ్డిచ్‌లోని మూల కర్మాగారము 1967లో మూతపడినది. మన దేశములో బుల్లెట్టు నేటికిని తయారగుచునే యున్నది. అదే తిరువొత్తియూరులో 1946లో ఒక పాకలో పిల్లలు ఆడుకొను బుడగలు చేయుట ప్రారంభించిన మామెన్ మాప్పిళ్లై గారి సంస్థయే తరువాత ఎం.ఆర్.ఎఫ్. టైర్ల కంపెనీ ఐనది. బుడగలో గాలి నుండి టైరులో గాలికి వచ్చుట సహజమైన ప్రయాణమే!

ఇక మా బండి దగ్గరకు వత్తుము. ఆనాడు మేము చేసిన తప్పులు మూడు, ఒకదానిపై ఒకటి.

మొదటిది, వేడి టైరులో గాలి చూచుట. తయారీదారులు చెప్పు అంకె చల్లని టైరునకు. ఉదయము 30 డిగ్రీల వేడిమిలో 28 పౌండ్లు కొట్టిన టైరు, ఎండలో పరుగెత్తి లోపలి గాలి 60 డిగ్రీలకు చేరినప్పుడు 32 చూపును. అది టైరు తప్పు కాదు, వాయువు స్వభావము. ఆ నాలుగు పౌండ్లు ఎక్కువైనవని తీసివేసినచో, మరునాటి ఉదయము చల్లారిన టైరులో మిగులునది 24. మేమో, దానికిని మించి తీయించితిమి. కావున ఇప్పుడు మేము గాలి కొలుచునది తెల్లవారిన తరువాత, బండి కదలక ముందు, మా సొంత గేజితో. మా పాత రకపు 350 సీసీ బండికి ఒక్కరే ఎక్కినప్పుడు ముందు 20 పౌండ్లు, వెనుక 28 పౌండ్లు. ఇద్దరము ఎక్కినప్పుడు ముందు రెండు, వెనుక నాలుగు ఎక్కువ. ఈ అంకెలను శ్రోతలు తమ బండ్లకు వ్రాసికొనవలదు. నేటి ట్యూబు లేని వెడల్పు టైర్ల పెద్ద బండ్లకు వెనుక 42 వరకు చెప్పినవి కలవు. బండితో ఇచ్చిన పుస్తకములోనో, గొలుసు కప్పుపై అంటించిన చీటిపైననో ఉన్న అంకెయే ఆ బండికి అంకె.

రెండవది, బరువు పెరిగినప్పుడు గాలి తగ్గించుట. దీనిని ఉయ్యూరులోని ఆ దుకాణదారుడు మాకంటె ముందే గ్రహించెను, మేము వినలేదు.

మూడవ తప్పు మాకు అన్నింటికంటె ఆలస్యముగా తెలిసినది. మా వెన్నును కొట్టినది నిజమునకు టైరు కాదు. వెనుక షాక్ అబ్సార్బర్ల అడుగున మెట్లు మెట్లుగా కోసిన ఒక వలయము ఉండును. దానిని కొక్కెపు పానాతో త్రిప్పినచో స్ప్రింగు మొదలు పైకి జరుగును. మా బండిలో అది కొన్న దినము నుండి మెత్తని మెట్టుపైననే ఉండెను. ఇద్దరము కూర్చున్నప్పుడు వెనుక భాగము కుంగి, కదలవలసిన మేర చాల భాగము అప్పుడే ఖర్చై, ప్రతి గోతిలోను స్ప్రింగు అడుగంటి ఇనుము ఇనుమునకు తగులుచుండెను. బిగించినచో గట్టిపడునను భయముచే మేము దానిని ముట్టలేదు. ఆ మెట్టు స్ప్రింగును గట్టిపరచదు; కుంగిన బండిని పైకి లేపి, స్ప్రింగునకు కదలుటకు చోటు ఇచ్చును. మెట్టు బిగించిన తరువాత ఇద్దరికిని సవారి మెత్తబడినదని చెప్పిన నమ్మువారు తక్కువ. కాని నిజము అదే.

ఎంత బిగింపవలెనో కనుగొనుటకు ఒక తేలిక మార్గము కలదు. బండిని నడుమ స్టాండుపై ఎత్తి, వెనుక చక్రము వ్రేలాడునప్పుడు ఇరుసు నుండి సీటు క్రింది ఒక గుర్తు వరకు కొలువవలెను. తరువాత దింపి, ఎక్కవలసిన వారందరు ఎక్కి కూర్చున్నాక మరల కొలువవలెను. తేడా కుంగుడు. మొత్తము కదలికలో అది నాల్గవ వంతు నుండి మూడవ వంతు వరకు ఉన్నచో రోడ్డు సవారికి సరిపోవును. మా బండి వెనుక చక్రపు కదలిక 80 మిల్లీమీటర్లు. కావున 20 నుండి 27 లోపల. మొదటిసారి ఇద్దరము కూర్చుండి కొలువగా వచ్చినది 41. ముందు ఫోర్కునకు మా బండిలో మెట్లు లేవు. అచట చూడవలసినది నూనె. బ్రేకు పట్టి హ్యాండిలును గట్టిగా అదిమి విడిచినచో అది ఒకసారి పైకి లేచి నిలువవలెను. రెండు మూడు మార్లు ఊగినచో నూనె పలుచబడినదో, కారిపోయినదో. ఎక్కువ పోసినను మేలు లేదు. నూనెకు పైనున్న గాలికి చోటు తగ్గి, అది మరియొక బిగువు స్ప్రింగగును. గాలి మనలను ఎక్కడను విడువదు.

ఈ కొలతలకు ఇద్దరు కూర్చుండవలెను, ఒకరు కొలువవలెను. మా ఇంటిలో ఆ పని ఆదివారము ఉదయము జరుగును. మా అబ్బాయి టేపు పట్టుకొని నేలపై కూర్చుండును; మేము ముందు, మా శ్రీమతి వెనుక, బండి గోడప్రక్క నిలిచి యుండును, ఎక్కడికిని పోదు. మొదటిసారి ఆమె పట్టుచీర కట్టుకొని, చేతిసంచితో సహా వచ్చి కూర్చున్నది. ఇదేమని అడుగగా, "పెండ్లికి పోవునప్పటి బరువు కావలెనంటిరి గదా, సంచితో కలిపి కొలువుడు" అన్నది. ఆమె చెప్పినది సరియే. సంచితో కలిపి కొలిచితిమి. ఇంకొక మెట్టు బిగింపవలసి వచ్చినది.